సరుకుతో బొంబాయికి పోయేవారి బస సంగతి

షోలాపూరు నుండి రుమాళ్ళు, చాదర్లు పట్టుకొని బొంబాయికి బేరానికి పోవడం మన నేత కుటుంబాలకు కొత్త కాదు. (ఆ ఊరి పేరు 1995లో ముంబయి అయినది. మన ఇళ్ళలో మాత్రం ముసలివారికీ పడుచువారికీ అది ఇంకా బొంబాయే. కనుక ఇక్కడనూ అట్లే వ్రాస్తున్నాను.) కొత్తగా వచ్చిపడినది బస వెదకుకోవలసిన పని.

మా నాన్నగారి కాలంలో ఈ ప్రశ్నే లేదు. వర్లీలోనో, ప్రభాదేవిలోనో, లోయర్ పరేలులోనో మిల్లులో పనిచేసే పెద్దనాన్న కొడుకు ఉండేవాడు, లేకుంటే మేనమామ, ఎవరూ లేకపోతే మన పేట మనిషి. బి.డి.డి. చాళ్ళలో నూట అరవై చదరపు అడుగుల గది, అందులో ఎనిమిదిమంది, తొమ్మిదవవాడుగా మనం. రాత్రి పాళీకి పోయినవాని చాప ఎట్లాగూ ఖాళీయే. మూటను మంచం క్రిందికి తోసి, ఖానావళిలో వారి లెక్కలోనే రెండు పూటలు తిని, సరుకు అమ్ముకొని వచ్చేవారు. అద్దె అనే మాట లేదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడినవి. మనవారు కొందరు షోలాపూరుకు, కొందరు తెలంగాణకు తిరిగి వచ్చినారు. ఇప్పుడు వర్లీలో చాళ్ళు పడగొట్టి ఎత్తు భవనాలు లేపుతున్నారు. చుట్టాలు ఉన్నవారికి ఇంకా ఉన్నారు. కాని లిఫ్టులో నాలుగు మూటల చాదర్లు ఎక్కించుకొని పోయి, ‘‘రెండు రోజులుంటాను వదినా’’ అని చెప్పడానికి నోరు రావాలి గదా!

కనుక లాడ్జి తప్పదు. లాడ్జి అనగానే మనవారు రెండు తప్పులలో ఏదో ఒకటి చేస్తున్నారు. కొందరు ‘ఒక్క రాత్రే గదా’ అని స్టేషను బయట పిలిచినవాని వెంట పోతారు. మరికొందరు ‘బేరానికి పోతున్నాము, పరువుగా ఉండవలె’ అని శక్తికి మించిన గది తీసుకుంటారు. ఈ రెండింటి నష్టమూ చివరకు మన డజను ధరలోనే తేలుతుంది. అది ఎట్లాగో ముందు చెప్పి, తరువాత గది సంగతులకు వస్తాను.

బట్టల బజారులో సేఠుకు తొందర లేదు. ఆయన తన గద్దె మీద కూర్చుంటాడు, రాత్రికి తన ఇంటికి పోయి పడుకుంటాడు. మనకు గడియారం తిరిగినకొద్దీ అద్దె పడుతూ ఉంటుంది. ఈ సంగతి ఆయనకు మనకంటె బాగా తెలుసు. ఉదయం నమూనా చూపితే ‘సాయంకాలం రండి’ అంటాడు. సాయంకాలం పోతే ‘రేపు చూద్దాం’ అంటాడు. ఆ రేపటికి మన చేతిలో డబ్బూ, మనసులో ఓపికా రెండూ పలుచబడి ఉంటవి. అప్పుడు చెబుతాడు అసలు ధర.

లెక్క వేసి చూడండి. మీ వద్ద 80 డజన్ల రుమాళ్ళు ఉన్నవనుకుందాము. మీరు చెప్పిన ధరకు డజనుకు 40 రూపాయలు తగ్గించి సేఠు అడిగినాడు. ఒప్పుకుంటే 3,200 రూపాయలు నష్టం. ఒప్పుకోక ఇంకొక పేఢీ చూడవలెనంటే నిలవవలెను. గది అద్దె 800, దాని మీద పన్ను 40, తిండి, టీ, బస్సు కలిపి 360 అయితే రోజు ఖర్చు 1,200. అంటే డజనుకు 15 రూపాయలు. రెండు రోజులు నిలిచి మీ ధర రాబట్టుకున్నా 2,400 పోను ఇంకా 800 మీకు మిగులుతుంది. అదే గది అద్దె 2,400 అయినచో పన్ను 120, తిండీ తిరుగుడూ అవే 360, మొత్తం 2,880; డజనుకు 36 రూపాయలు. ఒక రోజు నిలిస్తే మిగిలేది 320. రెండవ రోజు నిలిస్తే చేతి డబ్బు పోతుంది. ఖరీదైన గదిలో దిగినవానికి సేఠు అడిగిన ధరకు తలవంచడమే మేలని అతని లెక్కే చెబుతుంది. చవుక గదిలో ఉన్నవాడు ‘ఈ ధరకు ఇవ్వను’ అని ఇంకొక రోజు అనగలడు.

అట్లని మూడు నాలుగు పేఢీలలో అదే ధర చెప్పినప్పుడు అది సేఠు ఎత్తుగడ అనుకోరాదు; అది ఆ వారపు బజారు ధర. అప్పుడు ఎంత చవుక గదిలో కూర్చున్నా ప్రయోజనం లేదు. ఇచ్చి రావలె, లేదా సరుకు తిరిగి తేవలె. ఈ తేడా తెలుసుకోవడానికే మొదటి రోజంతా నమూనాలతో తిరగాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. కొన్నేండ్ల క్రిందట స్టేషను వద్ద ఒక మనిషి సంచి అందుకొని, ‘మార్కెట్టు ప్రక్కనే చవుక గది’ అని తీసుకొనిపోయినాడు. గది నిజంగానే చవుక. గల్లా దగ్గర కూర్చున్నతను మంచివానివలె కుశలం అడిగి, ఏమి సరుకు, ఎంత ఉన్నది, తిరుగు బండి ఎప్పుడు అని మాటల్లో పెట్టినాడు. ‘రేపు రాత్రి సిద్ధేశ్వర్‌కు టిక్కెట్టు తీసినాము’ అని నేనే చెప్పినాను. మరునాడు ఆయనకు తెలిసిన దళారీయే ఒకడు గదికి వచ్చినాడు. వచ్చినవాడు పొద్దున రాలేదు; రాత్రి ఏడు గంటలకు వచ్చి, బండికి మూడు గంటలు ఉండగా ధర చెప్పినాడు. ఇంటి దగ్గర నూలు బాకీ ఉన్నది. ఇచ్చివేసినాను. ఆ నాటినుండి నా తిరుగు ప్రయాణం తేదీ లాడ్జీలో ఎవరికీ చెప్పను. ‘ఎన్నాళ్ళుంటారు?’ అని అడిగితే ‘పని అయ్యేదాకా’ అంటాను. అద్దె ఏ రోజుకారోజు కడతాను.

బస ఎక్కడ అనే దానికి వస్తే, మనకు పని ఉన్న చోటు కాలబాదేవి. మూల్జీ జేఠా మార్కెట్టు, మంగళదాస్ మార్కెట్టు, భులేశ్వరు గల్లీలు అన్నీ ఆ చుట్టుప్రక్కలనే ఉన్నవి. మన బండి ఆగే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుండి క్రాఫర్డ్ మార్కెట్టు మీదుగా నడిచిపోవచ్చును. పడమటి రైలు మార్గంలో వచ్చేవారికి మెరైన్ లైన్సు స్టేషను దగ్గర. 2025 అక్టోబరులో భూగర్భ మెట్రో మూడవ లైను ఇక్కడిదాకా తెరచినారు. కాలబాదేవి పేరుతోనే స్టేషను ఉన్నది. దూరాన అంధేరీలోనో, ఠాణాలోనో గది ఇంకా చవుకగా దొరికితే ఆశపడరాదు. రానుపోను పూట గడుస్తుంది. ‘ఇంకొక రెండు నమూనాలు తెండి’ అని సేఠు అన్నప్పుడు పది నిమిషాలలో తేగలిగినవానిదే బేరం. నా మట్టుకు నేను గోడలకు సున్నం లేకపోయినా సరే, మార్కెట్టుకు నడిచిపోయే దూరంలోని గదికే ఓటు వేస్తాను. తెల్లవారకముందే వీధిలో తోపుడు బండ్ల చప్పుడు, హమాలీల కేకలు మొదలవుతవి. మగ్గాల చప్పుడులో నిద్రపోయి పెరిగిన మనకు అదొక లెక్క కాదు.

గది ధర అడిగేటప్పుడు దానితోపాటు తప్పక అడగవలసినది, రోజు లెక్క ఎట్లా అని. కొన్ని లాడ్జీలలో దిగిన గంట నుండి 24 గంటలు ఒక రోజు. మరికొన్నింట మధ్యాహ్నం పన్నెండు గంటలకు రోజు మారుతుంది. రాత్రి బండిలో పోయే మనకు ఇది పెద్ద తేడా. ఉదయం ఏడు గంటలకు దిగి, మరునాటి రాత్రి పది గంటలకు ఖాళీ చేసినామనుకోండి. మొత్తం 39 గంటలు. 24 గంటల లెక్కలో రెండు రోజుల అద్దె. పన్నెండు గంటల లెక్కలో దిగిన పూట ఒకటి, మరునాటి మధ్యాహ్నం దాకా ఒకటి, ఆ తరువాత రాత్రి దాకా ఒకటి, మొత్తం మూడు రోజులు పడవచ్చును. మరునాటి ఉదయమే గది ఖాళీ చేసి, సంచులు వారి వద్దనే ఉంచి తిరగనిచ్చే లాడ్జీలు ఉన్నవి. అప్పుడు 24 గంటల లెక్కలో ఒక్క రోజుతో సరిపోతుంది. ఈ మాట మెట్లు ఎక్కకముందే తేల్చుకోవలెను. గది తాళం చేతికి వచ్చిన తరువాత అడిగితే జవాబు వారికి అనుకూలంగా వస్తుంది.

ఒక్క రోజు పని అయితే గది లేకుండానే గడుపుకోవచ్చును. రాత్రి బండికి పోయి, రాత్రి బండికే తిరిగి వచ్చేవారు స్టేషనులోని సామాను గదిలో సంచులు ఉంచవచ్చును. టిక్కెట్టు చూపవలెను, సంచికి తాళం ఉండవలెను. స్నానానికీ, నడుము వాల్చడానికీ రైల్వేవారి విశ్రాంతి గదులు, వరుస మంచాల హాళ్ళు ఉన్నవి. ఖాయమైన టిక్కెట్టు గాని ఆర్.ఏ.సి. గాని ఉంటే దాని నంబరు మీద ముందుగా తీసుకోవచ్చును. 2021 నవంబరులో ముంబయి సెంట్రల్ స్టేషనులో పెట్టెలవంటి పడక గదులు కూడ తెరచినారు. ఒంటి మనిషికి బాగు. సరుకుతో వచ్చినవానికి అక్కరకు రావు.

సరుకు విషయంలో మనవారి పొరపాటు ఏమనగా, అమ్మవలసినదంతా వెంట మోసుకొని పోవడం. స్లీపరు పెట్టెలో 40 కిలోలు, సాధారణ రెండవ తరగతిలో 35 కిలోల దాకా స్వంత సామాను ఉచితం. కాని అమ్మకపు సరుకును స్వంత సామాను పేర తీసుకొనిపోరాదని రైల్వే నిబంధన ఉన్నది. పట్టుకుంటే జరిమానా. పైగా మూటలన్నీ గదిలోనే ఉంటే ఆ గదిని వదలి కదలలేము. సేఠు వద్దకు పోయినా మనసు తాళం మీదనే ఉంటుంది. అన్నిటినీ మించి, తిరిగి మోసుకొని పోవలెనన్న భయమే ధర తగ్గిస్తుంది. చేతిలో నమూనాల సంచి ఒకటి చాలు. బేళ్ళను రవాణా కంపెనీ ద్వారా బిల్లుతో పంపి, రసీదు దగ్గర ఉంచుకొని, బేరం కుదిరినాకనే విడిపించుకోవలెను. గోదాములో ఎన్ని రోజులు ఉచితంగా ఉంచుతారో, ఆ పైన రోజుకు ఎంత పడుతుందో ముందుగా అడిగితే నిలకడ లెక్కలో అదీ వేసుకోవచ్చును.

తప్పనిసరిగా మూటలతో దిగినప్పుడు గదిని మన మంచం కొరకు కాక మూట కొరకు చూడవలెను. జూన్ నుండి సెప్టెంబరు దాకా ఆ ఊరి వాన ఎట్టిదో చెప్పనక్కర లేదు. ఒక ఆషాఢంలో నేను కిటికీ క్రింద చాదర్ల మూట పెట్టి పడుకున్నాను. కిటికీ రెక్క వంగి ఉన్నది, నేను చూచుకోలేదు. తెల్లవారి చూస్తే నీళ్ళు మూటలో సగానికి ఎక్కినవి. ఎరుపు రంగు ప్రక్కనున్న తెల్ల అంచులోకి దిగినది. పదకొండు చాదర్లు రెండవ రకం క్రింద పోయినవి. తప్పు నాదే. ఇప్పుడు గదిలో అడుగు పెట్టగానే గోడల మీద చెమ్మ మచ్చలు, కిటికీ రెక్క, పై అంతస్తు స్నానాల గది గోడ ఎటున్నదీ చూస్తాను. మూటను నేల మీద పెట్టను. కుర్చీనో, బల్లనో ఎక్కిస్తాను. లోపల ప్లాస్టికు కాగితం, పైన గోనె.

ఆ పేటలో పాత భవనాలు ఎక్కువ. చాలావాటికి కర్ర మెట్లు. లిఫ్టు లేని చోట నాలుగవ అంతస్తు గది వంద రూపాయలు తక్కువ అని తీసుకుంటే ఆ వంద హమాలీకి పోతుంది. నిప్పు సంగతి కూడ ఆలోచించవలెను. క్రింద బట్టల గోదాము, మెట్ల మీద అట్ట పెట్టెలు, రెండవ దారి లేదు అంటే ఆ గది ఊరకనే ఇచ్చినా వద్దు. స్నానాల గది ఉమ్మడిగా ఉన్నా ఫరవాలేదు. నీళ్ళు ఎన్ని గంటలకు వస్తవో అడగండి. బొంబాయిలో మునిసిపాలిటీ నీళ్ళకు వేళలు ఉన్నవి. తొట్టిలేని భవనంలో ఆ వేళ తప్పితే స్నానం తప్పినట్లే.

సి.పి. ట్యాంకు, భులేశ్వరు వైపు ధర్మశాలలు కూడ ఉన్నవి. అద్దె తక్కువ, పరిశుభ్రత తరచు లాడ్జీకంటె మేలు. అయితే కొన్నింట తమ మతంవారికీ, యాత్రికులకే ఇస్తారు. కొన్నింట ఒంటరి మగవానికి ఇవ్వరు. రాత్రి తలుపు వేళకు మూస్తారు. ఇన్ని రోజులకంటె ఉండరాదని హద్దు ఉంటుంది. వ్యాపారపు సరుకు లోపలికి తేవచ్చునా అని నిజం చెప్పి అడగండి. దాచి తెచ్చి మాట పడితే మన వెనుక వచ్చే నేతవానికి కూడ ఆ తలుపు మూతపడుతుంది.

లాడ్జీలో గుర్తింపు కాగితం అడగడం మామూలే. బాటసారుల బసలు అధికారుల వద్ద నమోదు కావలెనన్న సరాయి చట్టం 1867 నాటిది. ఆధారు చూపవలసి వచ్చినప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా చివరి నాలుగే చూపే ప్రతి ఒకటి ఆధారు సంస్థవారే ఇస్తారు. దానిని అచ్చు వేయించుకొని పోవడం మేలు. అసలు కార్డు గల్లాలో వదలిరాకండి. ఫోనులో బొమ్మలు చూచి ముందుగా గది కుదుర్చుకునేవారు ఎవరో తెలియని నంబరుకు బయానా పంపవద్దు. గది చూచి కట్టే ఏర్పాటు ఉన్నదే తీసుకొనండి.

పన్ను విషయం కొంత గందరగోళంగా ఉన్నది, కనుక వివరిస్తాను. మొదట రోజుకు వెయ్యి రూపాయల లోపు గదికి జి.ఎస్.టి. లేదు. 2022 జులై 18 నుండి ఆ మినహాయింపు తీసివేసి 12 శాతం వేసినారు. 2025 సెప్టెంబరు 22 నుండి 7,500 రూపాయల దాకా గదులకు 5 శాతం చేసినారు. కనుక 800 గదికి 40 రూపాయలు. 96 అడిగితే పాత లెక్క చెబుతున్నారన్న మాట. చిన్న లాడ్జీ నమోదు కాకపోతే పన్ను వసూలు చేయడానికే వీలు లేదు. బిల్లు మీద వారి జి.ఎస్.టి. నంబరు లేకుండా పన్ను కలిపితే మర్యాదగానే అడగండి, చాలాసార్లు తీసివేస్తారు. బిల్లు తప్పక తెచ్చుకొనండి. తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు కలిసి చేసే వ్యాపారంలో ఈ ఖర్చు ఎవరి లెక్కలో పడవలెనన్న పేచీ ఆ కాగితంతో పోతుంది.

ఈ మధ్య మన ఆడవారే నమూనాలు తీసుకొని బేరానికి పోవడం చూస్తున్నాము. బేరం వారే బాగా చేస్తున్నారని కూడ విన్నాను. వారు ఇద్దరుగా పోవడం మంచిది. వెలుతురు ఉండగానే గదిలో చేరునట్లు చూచుకొని, లోపలి గడియ సరిగా పడుతున్నదీ లేనిదీ తామే వేసి చూచుకోవలెను. మెట్లకు, గల్లాకు దగ్గరగా ఉన్న గది అడగవలెను. దళారీని గాని, సేఠు మనిషిని గాని గదికి రానివ్వరాదు; నమూనా చూపవలసినది పేఢీలోనే. మగవారికీ ఈ మాట వర్తిస్తుంది. గదికి వచ్చిన దళారీ ముందు మూటలన్నీ చూస్తాడు. ఎంత సరుకు మిగిలినదో తెలిసినవానితో బేరం ఆడడం కష్టం.

సరుకు డబ్బు రాత్రి గదిలో ఉంచుకొనే అవసరం ఇప్పుడు లేదు. బ్యాంకు ఖాతాకు వేయించుకోవచ్చును. వారి ఫోనులో ‘పంపినాము’ అని చూపిన బొమ్మను నమ్మవద్దు. మీ ఫోనుకు మీ బ్యాంకు నుండి కబురు వచ్చినదాకా, లేదా ఖాతా తెరచి చూచుకున్నదాకా మూట చేయి దాటరాదు. చెక్కు ఇస్తే అది మారేదాకా అరువుగానే లెక్కవేసుకొనండి. వట్టం ఎంత తీస్తారో ధరతోపాటే మాట్లాడుకోవలెను.

ఈ పత్రిక చదివే మనవారు ఒక్క షోలాపూరులోనే లేరు. బెంగుళూరు చిక్కపేటకు పోయేవారు మెజెస్టిక్ వద్ద దిగినా నష్టం లేదు. అక్కడ లాడ్జీలు కావలసినన్ని, మెట్రోలో చిక్కపేట మరుసటి స్టేషనే. చెన్నపట్నం షావుకారుపేటకు, జార్జిటౌనుకు సెంట్రల్ స్టేషను చుట్టుప్రక్కల బస అనుకూలం. బరంపురం నుండి కలకత్తా బడాబజారుకు పోయేవారు హౌరాలో దిగి వంతెన దాటితే బజారే. హౌరా వైపు గది చవుక అనిపించవచ్చును. ఆ వంతెన మీది రద్దీలో మూటతో రోజుకు రెండుమార్లు రావడం పోవడం తలచుకొని నిర్ణయించుకొనండి. అన్నిచోట్లా లెక్క మాత్రం అదే: రోజు ఖర్చును డజన్లతోనో, చీరెలతోనో భాగించి ఆ అంకె జేబులో వ్రాసి పెట్టుకొని సేఠు ముందు కూర్చోవడం.

చివరగా తేదీల సంగతి. ఆదివారం బొంబాయి బట్టల మార్కెట్లు మూసి ఉంటవి. శనివారం దిగినవాడు ఒక రోజు అద్దె ఊరకనే ఇస్తాడు. సోమవారం ఉదయం దిగేటట్లు ఆదివారం రాత్రి బండి ఎక్కవలెను. వినాయక నిమజ్జనాల రోజులలో, ముఖ్యంగా అనంత చతుర్దశి నాడు, గిర్గాం వైపు దారులు మూస్తారు. దీపావళి అయినాక గుజరాతీ పేఢీలు చాలావరకు లాభపంచమి నాడు గాని మళ్ళీ తెరవవు. ఆ నాలుగైదు రోజులలో పోయినవారికి లాడ్జీలో గది సులభంగానే దొరుకుతుంది.